మెషిన్ మీద టూటూ: నెట్ లెక్క, నడుము దగ్గర లావు, లోపల దొర్లే ఊలు బంతులు

పాలపిట్ట:
అయిదేళ్ల పాపకి టూటూ (నెట్ కుచ్చుల లంగా) కుట్టాలి. ఎలాస్టిక్‌కి నెట్ ముక్కలు ముడేసే రకం కాదు, మెషిన్ మీద కుట్టేదే. నడుము 21 అంగుళాలు, తుంటి 23, నడుము నుంచి మోకాలి పైదాకా 12. కాస్త చిలిపిగా ఉండాలి: పై పొర లోపల రంగురంగుల ఊలు బంతులు ఇరికించి, గెంతినప్పుడల్లా అవి దొర్లేట్టు. మామూలు జిగ్‌జాగ్ మెషిన్ ఉంది, అంచులు అల్లే ఓవర్‌లాక్ లేదు. మూడు ప్రశ్నలు. నెట్ ఎన్ని మీటర్లు కావాలి? పొరలన్నీ కలిపి ఒకే కుట్టుతో నడుము పట్టీకి పట్టించెయ్యొచ్చా? బంతులు ఎప్పుడు వెయ్యాలి?

బాబిన్ బాబాయ్:
రెండో ప్రశ్న ముందు తేల్చుకుందాం, మిగతా లెక్కలన్నీ దాన్నిబట్టే మారతాయి. ఒకే కుట్టు వద్దండి.

మెత్తటి నెట్ బుట్టలా నిలవాలంటే కుచ్చు నాలుగు రెట్లు పడాలి. బంతులుండే పొర రెండు మడతలది కాబట్టి అక్కడే ఎనిమిది వరసలు. దాని కింద రెండు మెత్తటి పొరలు, నాలుగూ నాలుగూ ఎనిమిది. అడుగున గట్టి నెట్ దగ్గర దగ్గర మూడు. మొత్తం పందొమ్మిది వరసల నెట్ ఒకే గీత మీదికి వస్తుంది. సూది దిగినా కుట్లు తప్పుతాయి. అంతకంటే చెడ్డది, పాప నడుము చుట్టూ సైకిల్ టైరు తొడిగినట్టుంటుంది, ఆ బరువుకి ఎలాస్టిక్ ముందుకి దొర్లి బోర్లా పడుతుంది.

పొరల్ని మెట్లలా దింపండి. లోపల ఒక అస్తరు లంగా కుట్టి, దాని మీద ముప్పావు అంగుళం ఎడంగా నాలుగు గీతలు గీసి, ఒక్కో గీతకి ఒక్కో పొర. నడుము పల్చగా ఉంటుంది, లావు తుంటి మీదికి జారుతుంది. టూటూ బాగా కుదరడమూ కుదరకపోవడమూ నెట్ ఎంత పోశారన్నదాన్ని బట్టి కాదు, కుచ్చులు ఎక్కడ మొదలయ్యాయన్నదాన్ని బట్టే ఉంటుంది.

అంగుళం టేపు:
బాబాయ్ గారి మెట్ల లెక్కకి అంకెలు వేస్తున్నాను. నెట్ పన్నా (బట్ట వెడల్పు) 54 అంగుళాలనుకుంటున్నా. కొన్ని నెట్లు 108 అంగుళాల పన్నాలో వస్తాయి, అప్పుడు పట్టీల సంఖ్య సగమవుతుంది. కొనే ముందు టేపు పెట్టి చూసుకోండి.

అస్తరు: రెండు పలకలు. పైన 14 అంగుళాలు, కింద 18½, ఎత్తు 13½. పక్క కుట్లకి అరంగుళం చొప్పున పోగా పై చుట్టుకొలత 26 వస్తుంది. తుంటి 23 కాబట్టి ఎక్కించడానికి ఇబ్బంది ఉండదు. కొత్తగా కుట్టేవాళ్లు ఎక్కువగా ఇక్కడే పొరబడతారు. అస్తరుని నడుము కొలతకి కత్తిరిస్తే ఎలాస్టిక్ సాగుతుంది కానీ బట్ట సాగదు, తుంటి దాటదు. ఎత్తులో 1½ అంగుళం పైన ఎలాస్టిక్ గొట్టానికి, అరంగుళం కింది అంచు మడతకి పోతే మిగిలేది 11½. నెట్ కంటే అరంగుళం పొట్టి, సరిగ్గా కావలసినంత.

గీతలు, మడిచి కుట్టిన పై అంచు నుంచి: 1½, 2¼, 3, 3¾ అంగుళాలు.

పట్టీల పొడవు, కుట్టుకి అరంగుళం కలిపి: మొదటి గీతకి బంతుల పొర 11. అది రెండు మడతలు కాబట్టి 22 కత్తిరించాలి. రెండో గీతకి 10¼. మూడో గీతకి 9½. ఈ మూడింటికీ 54 అంగుళాల నిండు పన్నా పట్టీలు రెండేసి. నాలుగో గీతకి గట్టి నెట్ 8¼, ఇది ఒకటిన్నర పట్టీ చాలు. గట్టి నెట్‌కి అంతకంటే ఎక్కువ కుచ్చు పెడితే లంగా గొడుగులా లేచిపోతుంది.

మెత్తటి నెట్ మొత్తం 44 + 20½ + 19 = 83½ అంగుళాలు, అంటే 2 మీటర్ల 12 సెంటీమీటర్లు. రెండుంబావు మీటర్లు తీసుకోండి. గట్టి నెట్ అర మీటరు. అస్తరు బట్ట 36 పన్నాలో 40 సెంటీమీటర్లు, ఒక పలకని తలకిందులుగా పెడితే రెండూ పక్కపక్కనే సరిపోతాయి.

గుండుసూది:
అంగుళం టేపు గారూ, అస్తరు శాటిన్ అయితే తలకిందులు పెట్టొద్దని కూడా రాయండి. శాటిన్ మెరుపు ఒక వాలుకే ఉంటుంది. ఒక పలక పైకీ ఒకటి కిందకీ వేస్తే ఒకే తానులోని బట్ట కూడా రెండు ఛాయల్లో కనబడుతుంది. శాటిన్‌కి 75 సెంటీమీటర్లు తీసుకుని రెండూ ఒకే వాలున కత్తిరించాలి. మెత్తటి కాటన్‌కి ఈ గొడవ లేదు. అసలు ఒంటికి తగిలే వైపు కాటనే నయం.

అంగుళం టేపు:
నిజమే. నా కొలతలు కాటన్‌కి.

తీరికవేళ:
అడ్డొస్తున్నందుకు క్షమించాలి. బ్యాలే డాన్సర్లు వేసుకునే, పళ్లెంలా అడ్డంగా నిలబడే టూటూ కూడా ఇలాగే కుడతారా? పాపలకి అదైతే ఇంకా ముచ్చటగా ఉంటుంది కదా.

బాబిన్ బాబాయ్:
అది వేరే నిర్మాణం. నడుముకి వేలాడదు, నిక్కరు మీద కుడతారు. పదీ పన్నెండు గట్టి నెట్ పొరలుంటాయి. కిందివి రెండు మూడు అంగుళాలు, పైకి వచ్చేకొద్దీ పొడుగు. ఒక పొరలో పల్చటి స్టీలు రింగు ఎక్కించి, పొరల్ని ఒకదానికొకటి వదులు టాకాలతో చేత్తో పట్టిస్తారు. దాన్ని వేసుకుని కూర్చోవడమే కుదరదు. అయిదేళ్ల పిల్ల కూర్చోకుండా ఎంతసేపుంటుందో మీరే చెప్పండి. పాలపిట్ట గారు అడిగిన రకం కిందికి జారే బుట్ట లంగా, పిల్లలకి అదే వీలు.

రెండో కుట్టు:
కత్తిరింపు దగ్గర రెండు మాటలు. నెట్ అంచు పీచు రాదు. కాబట్టి కింద మడత, పీకో, ఓవర్‌లాక్ ఏవీ అక్కర్లేదు. ఓవర్‌లాక్ లేదని బెంగ పడకండి. కానీ మడతలు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. నాలుగు మడతలకి మించి ఒకేసారి కత్తిరించకండి. నేల మీద పరిచి, మడత అంచుల్ని కాగితం టేపుతో నేలకే అంటించి, మధ్యలో రెండు బరువైన పుస్తకాలు పెట్టండి. గుండుసూదులు నెట్ రంధ్రాల్లోంచి జారి ఎక్కడో పడిపోతాయి, ఆ తర్వాత పాప కాలికే దొరుకుతాయి. వాటి బదులు బట్టలకి పెట్టే క్లిప్పులో, తల క్లిప్పులో వాడండి. కత్తెర మొనతో టకటకా కొరక్కుండా, బారుగా తెరిచి లోపలిదాకా పోనిస్తూ కత్తిరిస్తే అంచు రంపపు పళ్లలా రాదు.

పట్టీకీ పట్టీకీ అతుకు వేయక్కర్లేదు. కుచ్చు తీసేటప్పుడు ఒకదాని చివర మీద ఇంకోటి ఒక అంగుళం ఎక్కిస్తే చాలు, నాలుగు రెట్ల కుచ్చులో అది ఎవరికీ కనబడదు.

పాలపిట్ట:
అందరికీ ధన్యవాదాలు. మిగిలిన నెట్ ముక్క మీద కుట్టి చూస్తే మొదటి కుట్టులోనే మెషిన్ దాన్ని సూది రంధ్రంలోకి లాగేసుకుంటోంది, కింద దారం ఉండ కడుతోంది. దాన్ని దాటితే ఫుట్ (బట్టని అదిమిపట్టే మెషిన్ పాదం) వేళ్లు నెట్‌లో ఇరుక్కుంటున్నాయి. టెన్షన్ (దారం బిగువు) మార్చాలా?

గుండుసూది:
టెన్షన్ జోలికి పోకండి, తప్పు అక్కడ లేదు. జిగ్‌జాగ్ మెషిన్ ప్లేటులో సూది రంధ్రం వెడల్పుగా ఉంటుంది. నెట్‌కి ఒళ్లు లేదు కాబట్టి సూదితో పాటే ఆ రంధ్రంలోకి దిగిపోతుంది. ఇలా చెయ్యండి:

సూది కొత్తది, 70/10. మొన అరిగిన సూది నెట్ పోగుని పక్కకి తోసే బదులు లాగుతుంది. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు. దానికంటే చిన్న కుట్టు వేస్తే నెట్‌లో ఖాళీయే ఎక్కువ కాబట్టి కుట్లు పట్టు దొరక్క ఒకచోట పోగవుతాయి. అడుగున పల్చటి కాగితం పట్టీ పెట్టి కుట్టి, తర్వాత చింపెయ్యండి. పై దారం, కింద దారం రెండు కొసల్నీ వేళ్లతో వెనక్కి పట్టుకుని, మొదటి రెండు మూడు కుట్లు చేతి చక్రం తిప్పుతూ వెయ్యండి. అంచు మీద మొదలుపెట్టకుండా అరంగుళం లోపల మొదలెట్టండి.

ఫుట్ ఇరుక్కోవడానికి మందు పారదర్శకమైన టేపు. ఫుట్ రెండు కాలివేళ్లకీ కలిపి ముందువైపు ఒక చుట్టు చుట్టండి, సూది దిగే చోటు వదిలేసి. వేళ్ల మధ్య సందు మూసుకుంటే నెట్ తగులుకోవడానికి చోటే ఉండదు. అయిపోయాక టేపు తీసి జిగురు తుడిచెయ్యండి. మరిచిపోతే తర్వాతి బట్ట మీద అంటుకుంటుంది.

కుచ్చుపావడా:
అసలు కష్టం కుచ్చుల దగ్గరే. మామూలుగా చెప్పేది, పెద్ద కుట్టు పెట్టి రెండు వరసలు వేసి కింద దారం లాగమని. 107 అంగుళాల నెట్‌ని 27కి లాగేటప్పుడు ఆ దారం ఇంచుమించు ప్రతిసారీ తెగుతుంది. తెగిందంటే మొత్తం విప్పుకోవాలి, నెట్‌లో పాత కుట్టు దారం వెతకడం కంటే ఇసకలో ఆవగింజ వెతకడం తేలిక.

తెగని పద్ధతి ఉంది. గట్టి నైలాన్ దారమో, పళ్ల మధ్య శుభ్రం చేసుకునే దారమో తీసుకోండి. నెట్ అంచుకి పావు అంగుళం లోపల దాన్ని పడుకోబెట్టి, దాని మీదుగా జిగ్‌జాగ్ వెయ్యండి. వెడల్పు 4, పొడవు 4. సూది ఆ దారానికి అటో ఇటో దిగాలి గానీ దాని ఒంట్లో గుచ్చుకోకూడదు. ఒక్కచోట గుచ్చుకున్నా అక్కడ బిగుసుకుని కుచ్చు కదలదు. జిగ్‌జాగ్ దాని చుట్టూ సొరంగంలా పడుతుంది, లోపలి దారం స్వేచ్ఛగా జరుగుతుంది. మొదటి కొసని గుండుసూది చుట్టూ ఎనిమిది అంకెలా చుట్టేసి, రెండో కొస పట్టి లాగండి. అరంగుళం మీద అసలు కుట్టు పడ్డాక లోపలి దారాన్ని లాగి తీసేసి మళ్లీ తర్వాతి పొరకి వాడుకోవచ్చు.

కుచ్చులన్నీ ఒకేచోట పోగవకుండా, అస్తరు మీది గీతనీ నెట్ పట్టీనీ ఎనిమిదేసి భాగాలు చేసి సబ్బుముక్కతో గుర్తులు పెట్టండి. నెట్ మీద సబ్బు గుర్తు నిలవదు, అక్కడ రంగు దారం ఒక ముడి వెయ్యండి. గుర్తుకి గుర్తు కలిపి, మధ్యలో కుచ్చు సర్దండి.

బాబిన్ బాబాయ్:
కుచ్చుపావడా గారి పద్ధతికి నా ఓటు. కుట్టే వరస కూడా చెప్తాను, తలకిందులైతే పొరలు ఒకదానికొకటి అడ్డం పడతాయి. మొదట అస్తరు పక్క కుట్లు, కింది అంచు మడత, పైన ఎలాస్టిక్ గొట్టం. గొట్టంలో రెండంగుళాలు తెరిచి ఉంచండి. పక్క కుట్టు ఒకటి విప్పి ఉంచి, బల్లపరుపుగా ఉన్నప్పుడే నెట్ కుట్టెయ్యొచ్చని కొందరంటారు. అలా చేస్తే చివర్లో ఆ పక్క కుట్టులోకి అన్ని పొరల నెట్టూ ఇరుక్కుంటుంది. గొట్టంగా మూసేశాకే నెట్.

అన్నిటికంటే కింది గీత, అంటే 3¾ దగ్గరది ముందు. గట్టి నెట్‌ని తలకిందులుగా పట్టుకోండి: కుచ్చు అంచు గీతకి అరంగుళం దిగువన, లంగా పొడవంతా నడుము వైపుకి. కుచ్చు పై వైపు ఉంచి అరంగుళం మీద కుట్టి, నెట్‌ని కిందికి వాల్చండి. కోసిన అంచు దాని కిందే దాక్కుంటుంది, పైగా ఆ మలుపు వల్ల పొర ఒంటికి అంటుకోకుండా బయటికి తన్నుతుంది. తర్వాత 3, ఆ పైన 2¼, చివరికి 1½. ఒంటికి తగిలేది అస్తరు ఒక్కటే, గరుకు అంచులన్నీ బయటివైపే ఉంటాయి. పిల్లలు టూటూ విప్పెయ్యమని గోల పెట్టేది ఈ గరుకు అంచుల వల్లే.

ఎలాస్టిక్ అంగుళం వెడల్పుది, దొర్లని రకం. నడుముకి 2 తగ్గించి, అతుకుకి 1 కలిపి 20 అంగుళాలు కత్తిరించండి. ముందు పిన్నీసుతో పట్టించి పాపకి తొడిగి, రెండుసార్లు గెంతించి చూడండి. నెట్ బరువుతో జారితే అరంగుళం తగ్గించండి. సరిపోయాక చతురస్రంగా అతుకు కుట్టి, తెరిచి ఉంచిన చోటు మూసి, రెండు పక్క కుట్ల మీదా ఎలాస్టిక్‌లోంచి నిలువుగా ఒక్కో కుట్టు దించండి. ఇక లోపల మెలి తిరగదు.

రెండో కుట్టు:
ఇక బంతులు. 54 × 22 పట్టీని పొడుగ్గా సగానికి మడిస్తే 11 వెడల్పు వస్తుంది. మడత కిందికి, అదే లంగా అంచు. రెండు పక్కలూ మూసి, ప్రతి 9 అంగుళాలకీ నిలువు కుట్టు వెయ్యండి. ఒక పట్టీలో ఆరు అరలు, రెండు పట్టీలకి పన్నెండు. ఈ అరలు లేకపోతే మొదటిసారి కూర్చోగానే బంతులన్నీ వెనక్కి చేరి తోకలా వేలాడతాయి.

15 మిల్లీమీటర్ల బంతులు అరకి అయిదు, మొత్తం అరవై. పైనుంచి జారవిడిచి, కోసిన అంచుకి 2 అంగుళాల కింద అడ్డంగా ఒక కుట్టు వెయ్యండి. ఇది వదిలేస్తే బంతి కుచ్చుల్లోకి ఎక్కి ఫుట్ కింద పడుతుంది. కుచ్చు దారం, లాగడం అన్నీ ఆ తర్వాతే.

ఈ పొర తప్పనిసరిగా అన్నిటికంటే పైదే కావాలి. దాని మీద ఇంకో రెండు పొరల నెట్ పడితే రంగులు మంచులో ఉన్నట్టు వెలిసిపోతాయి. నెట్ తెల్లదో లేత రంగుదో, బంతులు ముదురు రంగువీ అయితే బాగా కనబడతాయి. కుట్టే ముందు ఒక్కో రంగు బంతిని తడిపి తెల్లగుడ్డలో పిండి పది నిమిషాలు ఉంచండి. ఎరుపు, ముదురు నీలం చాలాసార్లు రంగు దిగుతాయి.

తీరికవేళ:
బంతుల బదులు చిన్న లైట్ల దండ పెడితే? పైన ఫెల్ట్ నక్షత్రాలు గన్‌తో వేడి జిగురు పెట్టి అంటిస్తే పని కూడా త్వరగా అవుతుంది.

గుండుసూది:
వేడి జిగురు వద్దు. రంధ్రాల్లోంచి అవతలికి కారి గడ్డకట్టి ఒంటికి గీరుకుంటుంది, నైలాన్ నెట్ అయితే అక్కడే కరిగి చిల్లు పడుతుంది. నక్షత్రం మధ్యలో చేత్తో నాలుగు కుట్లు వేస్తే చాలు. వెల్క్రో కూడా దగ్గరికి రానివ్వకండి. దాని గరుకు వైపు నెట్‌ని పట్టుకుంటే చిరిగాక గానీ వదలదు. తీసిపెట్టుకునే అలంకారం కావాలంటే టిచ్ బటన్లు, అది కూడా అస్తరుకి.

లైట్ల విషయంలో గట్టిగా చెప్తున్నా: గుండీలాంటి బిళ్ల బ్యాటరీలు పిల్లల బట్టల్లో వద్దు. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోపే లోపల కాల్చేస్తాయి. తప్పదంటే స్క్రూతో మూసే డబ్బా ఉన్న, పెన్సిల్ బ్యాటరీల దండ తీసుకుని, డబ్బాని అస్తరు వెనక జేబులో పెట్టండి. మూడేళ్ల లోపు పిల్లలు ఇంట్లో ఉంటే ఊలు బంతులు కూడా అపాయమే. పొర చిరిగితే బయటికొచ్చేది నోట్లో పట్టే సైజు.

కుచ్చుపావడా:
నిప్పు గురించి కూడా. 1862లో పారిస్ ఆపెరాలో రిహార్సల్ జరుగుతుంటే ఎమ్మా లివ్రీ అనే బ్యాలే నర్తకి లంగాకి గ్యాసు దీపం అంటుకుంది. ఆ కాలిన గాయాలతోనే మర్నాడు, అంటే 1863లో చనిపోయింది. మంట పట్టని మందులో ముంచిన బట్ట అప్పటికే ఉంది, కానీ బిరుసుగా, మాసినట్టు ఉంటుందని ఆమె వేసుకోలేదు. అప్పటివి నూలు లంగాలు. ఇప్పటి నైలాన్, పాలిస్టర్ నెట్లు కాలడమే కాదు, కరిగి చర్మానికి అంటుకుంటాయి. పొరల మధ్య గాలి ఉంటుంది కాబట్టి మంట పాకడం కూడా వేగమే. కేకు మీద కొవ్వొత్తి వెలిగించే చోట టూటూ విప్పించెయ్యండి.

బాబిన్ బాబాయ్:
1863 మర్నాడు కాదండీ, మరుసటేడు! తక్కినదంతా సరే.

కుచ్చుపావడా:
అవును, మరుసటేడు. వేళ్లు తొందరపడ్డాయి.

పాలపిట్ట:
చివరిగా ఒకటి. కుట్టడమైతే అయింది కానీ నెట్ మడతలు పోవట్లేదు, ముట్టుకుంటే చేతికీ అస్తరుకీ అతుక్కుంటోంది. ఇస్త్రీ చెయ్యొచ్చా? ఉతకడం ఎలా?

రెండో కుట్టు:
ఇస్త్రీ పెట్టె నేరుగా ఆనించొద్దు. నైలాన్ ఒక్క క్షణంలో ముడుచుకుపోతుంది, అది మళ్లీ సాగదు. హ్యాంగర్‌కి తగిలించి జానెడు దూరం నుంచి ఆవిరి పట్టండి. ఆవిరి పెట్టె లేకపోతే స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరి నిండాక పావుగంట వేలాడదీస్తే చాలా మడతలు వాటంతటవే దిగుతాయి. అతుక్కోవడం గాలి పొడిగా ఉన్నప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు. చేతులు తడిపి దులుపుకుని అస్తరుకీ నెట్‌కీ మధ్య ఓసారి నిమిరితే పోతుంది.

ఉతకడం చల్లటి నీళ్లలో, చేత్తో, కొద్దిగా మెత్తటి సబ్బు నీళ్లు. పిండొద్దు, ముంచి తీసి నీళ్లు కారనివ్వండి. ఆరేసేటప్పుడు నడుము పట్టుకుని కాదు, కింది అంచుని నాలుగుచోట్ల క్లిప్పులతో తలకిందులుగా వేలాడదీయండి. పొరలు విడివిడిగా తెరుచుకుని ఆరతాయి, తిప్పి తొడిగేసరికి బుట్ట లేచి ఉంటుంది. ఊలు బంతులు నీళ్లు పట్టుకుంటాయి. ఆరిందో లేదో నెట్ పట్టుకుని చూడకండి, ఒక బంతిని వేళ్లతో నొక్కి చూడండి.